మత్తును అందంగా గీయవచ్చా? నెల్లూరు నేపథ్యంలో ఒక నేర బొమ్మల నవల

పెన్నా గీతలు (నెల్లూరు)

అందరికీ నమస్కారం. ఏడాదిన్నరగా రాత్రిళ్లు కూర్చుని ఒక నేర కథను బొమ్మల నవలగా గీస్తున్నాను. తొంభై ఆరు పుటలు పూర్తయ్యాయి. మొన్నటి వరకు సాఫీగా సాగింది. మొన్న చెయ్యి ఆగిపోయింది. ఎందుకో చెప్పాలంటే ముందు కథ చెప్పాలి.

రేవతి, సుధీర్ మైపాడు దారిలో ఒక మత్తు విముక్తి కేంద్రంలో కలుస్తారు. ఆమెకు మోకాలి ఆపరేషన్ తరువాత నొప్పి మాత్రలు అలవాటయ్యాయి. అతను రొయ్యల మేత లారీల మీద తిరుగుతూ గంజాయితో మొదలుపెట్టి మాత్రలకు చేరాడు. ఒక రాత్రి ఇద్దరూ గోడ దూకి, ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల గట్టు మీద ఉన్న మోటారు గదిలో దాక్కుంటారు. అదే వారం నగరంలో ఒక మందుల దుకాణం యజమాని సర్వేపల్లి కాలువలో శవమై తేలతాడు. గల్లాపెట్టెలో డబ్బు పోలేదు. ఒక రిజిస్టరు మాత్రం పోయింది. అందులో రేవతి పేరు నలభై మూడు సార్లు ఉంది. ఆ రిజిస్టరు సుధీర్ సంచిలో ఉంది. ఆమెను కాపాడడానికే తెచ్చానంటాడు. దాన్ని తెచ్చిస్తే మాత్రలు ఇస్తామని ఎవరో అతనికి ఆశ పెట్టారని ఆమెకు తరువాత తెలుస్తుంది. ప్రేమ కోసం దాచాడా, మాత్రల కోసం దాచాడా? అతనికే తెలియదు. నా నవలంతా ఈ ముడి మీదే నడుస్తుంది.

ఇక నా బాధ. అరవై ఒకటో పుటలో ఇద్దరూ మాత్రలు వేసుకుని చెరువు గట్టున పడుకుంటారు. ఏరేటర్లు నీటిని చిమ్ముతూ ఉంటాయి. ఆ తుంపర నక్షత్రాలుగా మారి, వాళ్లిద్దరూ వాటి మధ్య తేలుతూ ఉంటారు. పుటంతా ఒకే బొమ్మ. పంతొమ్మిది రాత్రులు పట్టింది. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా మేనల్లుడు దాన్ని ఫొటో తీసి ఫోను తెర మీది బొమ్మగా పెట్టుకున్నాడు. "మామా, ఒక్కసారి ఇలాంటి చోటికి వెళ్లాలనిపిస్తోంది" అన్నాడు. వాడు చెరువు గురించే అన్నాడేమో. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. ఆ పుట ఉంచాలా, తీసెయ్యాలా?

సింగరాయకొండ చదువరి

తీయవద్దు. మత్తంటే మొదటి రోజు నుంచీ నరకమేనని చెప్పే బొమ్మలు చిన్నప్పటి నుంచి చూస్తున్నాం. బడి గోడ మీద పుర్రె, కింద ఎర్ర అక్షరాలు. మొదటిసారి వేసుకున్నవాడికి పుర్రె కనపడదు. మీరు గీసిన నక్షత్రాలే కనపడతాయి. ఆ సంగతి దాచి కథ చెబితే, రుచి చూసిన పిల్లవాడు రెండో పుటలోనే మిమ్మల్ని నమ్మడం మానేస్తాడు. అవతల నమ్మించవలసింది వాడినే కదా.

ఇంకో మాట. నేరం ఎక్కడ మొదలవుతుందో కూడా మీ కథలో కనపడాలి. మా ఇల్లు రైల్వే స్టేషనుకు దగ్గర. హౌరా–చెన్నై మార్గం ఇది. పోలీసులు పెట్టెల్లోకి ఎక్కి సీట్ల కింద సంచులు వెతకడం చాలాసార్లు చూశాను. ఆంధ్ర–ఒడిశా సరిహద్దు కొండల్లో పండిన గంజాయి చెన్నై వైపు పోవాలంటే ఈ పట్టాలైనా, పదహారో నంబరు జాతీయ రహదారైనా, మన రెండు జిల్లాలను దాటాలి. సంచి దొరికినప్పుడు పెట్టెలో అందరూ కిటికీ వైపు తిరుగుతారు. "ఇది ఎవరిది?" అని అడిగితే ఎవరూ నోరు విప్పరు. ప్లాట్‌ఫారం మీద దించిన ఆ సంచిని, దాని చుట్టూ ఖాళీగా మిగిలిన జాగాను ఒక్కసారి గీసి చూడండి.

కోవూరు అక్క

చదువరి గారూ, మీ మాటలో నిజం ఉంది. అయినా చదవగానే నాకు కోపం వచ్చింది. మా తమ్ముడు నాలుగేళ్లు ఈ మాత్రల్లో ఉన్నాడు. ఆ నక్షత్రాలు వాడికి కనపడ్డాయేమో, మా ఇంట్లో మిగతా ముగ్గురికి ఒక్క రాత్రి కూడా కనపడలేదు.

నేను చూసింది చెబుతాను. మే నెల మధ్యాహ్నం, రోహిణి కార్తె ఎండలో, వాడు రెండు దుప్పట్లు కప్పుకుని ఉండేవాడు. చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుని ఉండేవి. ఒకదాని వెంట ఒకటి ఆవలింతలు. ముక్కు కారుతూనే ఉండేది. కాళ్లు నిలవక మంచం పట్టెను తన్నుతుంటే, మా అమ్మ ఆ కాళ్ల మీద తన బరువంతా వేసి పడుకునేది. ఇంట్లో ముందు గ్యాస్ సిలిండరు పోయింది. ఆ తరువాత అమ్మ పుస్తెల తాడు తాకట్టుకు వెళ్లింది. అప్పటి నుంచి బీరువా తాళంచెవి అమ్మ బొడ్డులోనే ఉండేది, స్నానానికి వెళ్లినా సరే.

ఒక ప్రైవేటు కేంద్రంలో చేర్చాం. పేరు రాయను. మూడు నెలల డబ్బు ముందే కట్టించుకున్నారు. ఫోనులో మాట్లాడనివ్వలేదు. తిరిగి వచ్చినప్పుడు మణికట్టు మీద తాడు గుర్తులున్నాయి.

వాడికీ ఒక అమ్మాయి ఉండేది. రోజూ మధ్యాహ్నం క్యారియర్ తెచ్చేది. వాడు అడిగినప్పుడల్లా డబ్బిచ్చేది, వైద్యానికనుకుని. మూడో నెలలో దేనికో తెలిసింది. తెలిసిన తరువాత కూడా ఇచ్చింది, వాడి వణుకు చూడలేక. ఆమెది ప్రేమే. వాడిదీ ప్రేమేనని నేను ఇప్పటికీ నమ్ముతాను. ఆ ఇద్దరి మధ్య మూడోది వచ్చి కూర్చుంది. మీ పుటలో ఇద్దరే తేలుతున్నారు. ఆ మూడోది ఎక్కడుంది?

పెన్నా గీతలు

అక్కా, మీ ప్రశ్న నా గుండెలో దిగింది. మీరు అనుమతిస్తే ఆ దుప్పట్లు, మీ అమ్మగారి తాళంచెవి నా కథలోకి తీసుకుంటాను. ఊరు, గుర్తులు అన్నీ మార్చేస్తాను.

కోవూరు అక్క

తీసుకోండి. తాళంచెవిని మాత్రం చిన్నగా గీయవద్దు.

నల్లసిరా (ఒంగోలు)

ఇరవై ఏళ్లుగా బొమ్మలు వేస్తున్నాను కాబట్టి పని వైపు నుంచి చెబుతాను. ఒక పుట ఏమి చెబుతుందనేది దాని పక్కన, దాని తరువాత ఏముందన్న దాని మీద ఆధారపడుతుంది. సినిమాలో దృశ్యం మన కళ్ల ముందు నుంచి జారిపోతుంది. పుస్తకంలో పుట తిప్పేది పాఠకుడి చెయ్యి. ఆ నక్షత్రాల పుటను కుడి వైపు పెట్టండి, తిప్పగానే ఏమొస్తుందో వాడికి ముందే కనపడకుండా. తిప్పాక ఎడమ వైపు పుటలో పన్నెండు చిన్న గడులు ఉండాలి. అన్నీ ఒకే కొలత. పన్నెండింటిలోనూ అదే మోటారు గది. వెలుతురు మాత్రం గడి గడికీ మారుతుంది. మధ్యాహ్నం మూడు, నాలుగు, అయిదు. ఆమె ఆవలిస్తుంది. అతను గోడ వైపు తిరుగుతాడు. మాటల బుడగ ఒక్కటి కూడా వద్దు. సుఖానికి పుటంతా ఇచ్చారు కదా, దాని వెల చెల్లించే సమయాన్ని ఇరుకు గడులుగా కోసి ఇవ్వండి. పాఠకుడికి ఊపిరి ఆడకూడదు.

రంగు గురించి. మా చీమకుర్తి గెలాక్సీ రాయిని దగ్గరగా చూశారా? నల్లటి రాయిలో బంగారు చుక్కలు. పాలిష్ పట్టాక రాత్రి ఆకాశంలాగే ఉంటుంది. చెయ్యి వేస్తే మాత్రం చల్లగా, గట్టిగా తగులుతుంది. మీ చెరువు పుటలో నీటిని నీరులా కాకుండా ఆ రాయిలా గీసి చూడండి. అందం పోదు. కానీ వాళ్లిద్దరూ తేలడం లేదని, రాయి మీద పడి ఉన్నారని చూసే కంటికి ఎక్కడో తడుతుంది.

వార్డు సిస్టర్ (నెల్లూరు)

అక్క చెప్పిన లక్షణాలన్నీ అక్షరాలా నిజం. నల్లమందు జాతి మాత్రలు ఆపాక సాధారణంగా ఒక రోజులోపే మొదలవుతాయి. రెండు మూడు రోజులకు ముదిరి, వారం పది రోజుల్లో తగ్గుతాయి. ఒంటి బాధ తగ్గినంత త్వరగా మనసులోని కోరిక తగ్గదు. అది నెలల తరబడి ఉంటుంది.

మీ కథకు అంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. కొన్ని వారాలు మానేసిన మనిషి శరీరం పాత మోతాదును తట్టుకునే శక్తిని పోగొట్టుకుంటుంది. బయటికొచ్చి, ఇదివరకు వేసుకున్నంతే మళ్లీ వేసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. కేంద్రం నుంచి వచ్చిన తొలి రోజులే అన్నిటికన్నా ప్రమాదం. మీ ఇద్దరూ గోడ దూకింది సరిగ్గా ఆ రోజుల్లోనే. అరవై ఒకటో పుటలో ఒకరు నిద్రపోతూ గురక పెడుతూ ఉండాలి. పక్కన ఉన్నవాళ్లు దాన్ని గాఢనిద్ర అనుకుంటారు. ఊపిరి మెల్లగా మందగిస్తూ ఉంటుంది, పెదవులు నీలి రంగుకు తిరుగుతాయి, కనుపాపలు సూదిమొనంత అవుతాయి. అప్పుడు వాళ్లను పడుకోనిస్తే లేవరు. నిమిషం ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేయాలి. ఆసుపత్రిలో నాలోక్సోన్ అనే విరుగుడు ఇస్తారు.

మందుల అంగడి (కావలి)

రిజిస్టరు చుట్టూ నేరం అల్లడం నాకు బాగా నచ్చింది. అది కల్పన కాదు. 2014 మార్చి నుంచి అమలులో ఉన్న, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని హెచ్‌1 జాబితా మందులకు మేము వేరే రిజిస్టరు రాయాలి. రాసిన డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఎన్ని ఇచ్చామో. మూడేళ్లు భద్రపరచాలి. మీరు చెబుతున్న రకం నొప్పి మాత్రల్లో ఒకటైన ట్రమడాల్ ఆ జాబితాలో ఉంది. 2018లో దాన్ని మత్తు పదార్థాల చట్టం కిందికి కూడా తెచ్చారు.

రిజిస్టరులో మోసం ఎలా కనపడుతుందో చెబుతాను, మీ దర్యాప్తు అధికారికి పనికొస్తుంది. నిజంగా రోజువారీ రాసిన పుటలో సిరా మారుతుంది, చేతిరాత మారుతుంది, టీ మరక ఉంటుంది, ఒక పేరు కొట్టేసి పైన ఇంకో పేరు ఉంటుంది. తనిఖీకి ముందు రాత్రి కూర్చుని రాసిన నెల మొత్తం ఒకే కలంతో, ఒకే వాలుతో ఉంటుంది. రేవతి పేరు నలభై మూడు సార్లు ఉందన్నారు. అందులో ఆమె నిజంగా కొన్నవి తొమ్మిదే కావాలి. మిగతా ముప్పై నాలుగు ఆమె పేరు మీద ఇంకెవరికో వెళ్లాయి. అప్పుడు ఆ పుస్తకం ఆమె నేరానికి సాక్ష్యం మాత్రమే కాదు, ఆమె నిర్దోషిత్వానికి కూడా అదే సాక్ష్యం. సుధీర్ దాన్ని కాల్చేస్తే ఆమెను కాపాడినట్టా, ముంచినట్టా?

ఒక విన్నపం. మాత్ర పేరు, రంగు, ఎన్ని వేసుకున్నారన్నది ఎక్కడా చూపించవద్దు. నా బల్ల ముందుకు వచ్చే పిల్లలు మందును పేరుతో అడగరు, రంగుతో అడుగుతారు. మీ బొమ్మ వాళ్లకు చీటీ కాకూడదు.

పెన్నా గీతలు

తొమ్మిది, ముప్పై నాలుగు! ఈ ఒక్క లెక్కతో నా మూడో భాగం మొత్తం మారిపోతుంది. రాత్రే మొదలుపెడతాను. మాత్రను ఎక్కడా చూపించను, మూసిన పిడికిలి మాత్రమే గీస్తాను.

అద్దంకి నీడ

నాకు ఒక అనుమానం. హత్య, రిజిస్టరు, వెంటపడే మనుషులు ఇవన్నీ ఎందుకు? అక్క చెప్పిన ఇల్లు చాలదా? నేరం పెట్టగానే పాఠకుడు హంతకుడెవరని పరిగెత్తుతాడు, ఆ అమ్మ దగ్గర ఆగడు.

సింగరాయకొండ చదువరి

ఆగుతాడు, ఆపగలిగితే. నేర కథ చదివేవాడు ప్రతి వస్తువునూ అనుమానంతో చూస్తాడు. మామూలు కథలో తాళంచెవి కంటికి ఆనదు. నేర కథలో అమ్మ బొడ్డులోని తాళంచెవిని గడిలో చూస్తే, అది అక్కడెందుకుందో తెలిసే దాకా ఊరుకోడు. పైగా ఇంట్లో సిలిండరు పోయింది, తాడు పోయింది. అది నేరం కాదా? పోలీసులకు చెప్పుకోలేని నేరం.

కోర్టు మెట్లు (ఒంగోలు)

న్యాయవాదిని. మీరు పంచిన ముసాయిదా పుటలు చూశాను. మూడు చోట్ల దిద్దాలి.

ఒకటి, ఎస్‌ఐ రేవతి ఒంటిని తనిఖీ చేసే గడి. 1985 నాటి మత్తు పదార్థాల చట్టం యాభయ్యో సెక్షను ప్రకారం స్త్రీని స్త్రీయే తనిఖీ చేయాలి. గెజిటెడ్ అధికారి ముందుగానీ మేజిస్ట్రేటు ముందుగానీ తనిఖీ కోరే హక్కు ఉందని ఆ మనిషికి ముందే చెప్పాలి. చెప్పకపోతే కేసు అక్కడే బలహీనపడుతుంది. ఈ రక్షణ ఒంటి తనిఖీకే, చేతిలోని సంచికి వర్తించదు. కథలో ఈ తేడాతో మీరు చాలా చేయవచ్చు. సుధీర్ రిజిస్టరును సంచిలో పెడతాడా, చొక్కా లోపల పెడతాడా అన్నది చిన్న విషయం కాదు.

రెండు, సంచిలో ఇరవై రెండు కిలోల గంజాయి దొరికితే ఏడాది శిక్ష అని రాశారు. తప్పు. గంజాయికి కిలో లోపు తక్కువ పరిమాణం, దానికే గరిష్ఠంగా ఏడాది. ఇరవై కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. దానికి కనీసం పదేళ్లు, ఇరవై ఏళ్ల దాకా పడవచ్చు. బెయిలు కూడా చాలా కష్టం. మోసేవాడికి వేలల్లో కూలి, పట్టుబడితే పదేళ్లు. పంపినవాడి పేరు కాగితం మీదికి రాదు.

మూడోది తప్పు కాదు, మీరు వదిలేసిన దారి. అదే చట్టంలో 64ఏ అని ఒక సెక్షను ఉంది. మత్తుకు అలవాటుపడి వాడినందుకో, తక్కువ పరిమాణం దొరికినందుకో కేసు ఎదుర్కొంటున్న మనిషి, తనంతట తాను గుర్తింపు పొందిన చోట చికిత్సకు వచ్చి దాన్ని పూర్తి చేస్తే, ఆ నేరానికి విచారణ నుంచి రక్షణ ఉంటుంది. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఈ సంగతి కోర్టు వరండాలో తల్లిదండ్రులకు చెప్పినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి. ఎవరూ అంతకుముందు చెప్పి ఉండరు. మీ రేవతికి ఎవరైనా చెప్పాలి.

కలిగిరి టీచరమ్మ

నాయనా పెన్నా గీతలు, నేను పదవీ విరమణ చేసిన పంతులమ్మను. మీ మేనల్లుడి మాట చదివాక నాకు 1991 గుర్తొచ్చింది. మన జిల్లాలో అక్షర దీపం కార్యక్రమంలో భాగంగా రాత్రి బడులు నడిపాం. లాంతరు వెలుగులో, పలకలు పట్టుకుని, పొలం పని చేసి వచ్చిన ఆడవాళ్లు కూర్చునేవారు. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. సారా వల్ల చితికిన ఇల్లు, ఊళ్లోని ఆడవాళ్లంతా కలిసి సారా దుకాణం మూయించడం. ఆ పాఠం చెప్పిన రోజు నా బడిలో ఒక్కరూ తరువాతి పాఠానికి వెళ్లనివ్వలేదు. ఒకామె పుస్తకం మీద వేలు పెట్టి, "ఇది మా ఇల్లు" అంది. అక్షరాలు ఇంకా కూడబలుక్కుని చదువుతున్న మనిషి.

మా మండలంలోని దూబగుంట ఆడవాళ్లు నిజంగానే సారా దుకాణం మూయించారు. 1992లో జిల్లా అంతటా సారా వేలం పాటలను అడ్డుకున్నారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం. అది రెండేళ్లకే సడలిపోయింది, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. కానీ ఈ జిల్లాలో ఒక చిన్న పాఠం మనుషులను లేపి నిలబెట్టిందని నా కళ్లతో చూశాను. కాబట్టి బొమ్మకు బలం లేదని నేను అనను. మీ నక్షత్రాలకు మేనల్లుడిని లాగే బలముంటే, మీ తాళంచెవికీ ఆ బలం ఉంటుంది. ఆ పుట కోసం కూడా పంతొమ్మిది రాత్రులు కూర్చున్నారా? అదొక్కటే నా ప్రశ్న.

పెన్నా గీతలు

టీచరమ్మా, నిజం చెబుతున్నాను, కూర్చోలేదు. నొప్పి పుటలన్నీ ఒక్కొక్కటి రెండేసి గంటల్లో గీసేశాను. త్వరగా దాటేయాలనిపించేది.

ముగింపు గురించి కూడా అడగాలి. ఇప్పుడున్న ముగింపు రొట్టెల పండుగలో. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో నిలబడి ఇద్దరూ పెళ్లి రొట్టె తీసుకుంటారు, కోరిక తీరాక మరుసటి ఏడు జంటగా తిరిగొచ్చి ఇంకొకరికి ఇస్తారు. అక్కతో ఈ చర్చ అయ్యాక అది నాకే నమ్మబుద్ధి కావడం లేదు.

కోవూరు అక్క

నేను ఆ చెరువులో మూడేళ్లు వరసగా ఆరోగ్య రొట్టె తీసుకున్నాను, తమ్ముడి పేరు మీద. తీసుకునేటప్పుడు ఇచ్చే ఆమె ముఖం చూస్తాను. కోరిక తీరిన ముఖం. మరుసటి ఏడు నేను అటువైపు నిలబడాలి. మొదటి ఏడు వాడు ఎనిమిది నెలలు బాగున్నాడు, మళ్లీ పడ్డాడు. ఇవ్వడానికి వెళ్లినదాన్ని తీసుకుని వచ్చాను. రెండో ఏడూ అంతే. చెరువులో అటు నిలబడినవాళ్లూ ఇటు నిలబడినవాళ్లూ ఉంటారు, మధ్యలో మోకాలి లోతు నీళ్లు. మీ రేవతి, సుధీర్ ఒకే వైపు నిలబడాలని ఎందుకు అనుకుంటున్నారు?

నల్లసిరా (ఒంగోలు)

ఇదే మీ చివరి పుట.

పెన్నా గీతలు

పదకొండు రోజులు ఇటు రాలేదు, క్షమించండి. గీస్తూ ఉండిపోయాను.

నక్షత్రాల పుట ఉంది. నీటిని రాయిలా మార్చాను. సుధీర్ కళ్లు మూసుకుని నోరు తెరిచి ఉన్నాడు, గురక పెడుతున్నాడు. రేవతి ఆకాశం చూస్తోంది, అతన్ని చూడడం లేదు. తిప్పితే పన్నెండు గడులు. మోటారు గది గోడ, గోడ మీద చీమల బారు, సున్నం రాలిన చోట పాత రొయ్యల మేత సంచి. ఏడో గడిలో ఆమెకు ఆ పెదవుల రంగు కనపడుతుంది. తొమ్మిదో గడిలో ఆమె ఫోను, అమ్మ నుంచి పద్నాలుగు మిస్డ్ కాల్స్. పోలీసులకు దొరికిపోతామని తెలిసీ ఆమె 108కి ఫోను చేస్తుంది. నవల మొత్తంలో అది ప్రేమేనని నాకు సందేహం లేని గడి అదొక్కటే.

రిజిస్టరును ఆమె కాల్చనివ్వదు. తొమ్మిది తనవని ఒప్పుకుని కోర్టుకు ఇస్తుంది, చికిత్స పూర్తి చేస్తుంది. మిగతా ముప్పై నాలుగు ఎవరివో అప్పుడు బయటపడుతుంది.

చివరి పుట చెరువు. రెండేళ్ల తరువాత. ఆమె చేతిలో ఆరోగ్య రొట్టె, ఇవ్వడానికి వచ్చింది. ఎదురుగా, నీళ్లకు అవతల, తీసుకోవడానికి చెయ్యి చాపినవాళ్లలో సుధీర్ ఉన్నాడు. బతికి ఉన్నాడు, సన్నబడ్డాడు. ఆమె ఇస్తుంది, అతను తీసుకుంటాడు. వేళ్లు తగలవు. మాటల బుడగ లేదు. ఈ ఒక్క పుటకు ఇరవై రెండు రాత్రులు తీసుకోవాలనుకున్నాను, పది రాత్రులకే పూర్తయింది.

మేనల్లుడికి కొత్త వరసలో చూపించాను. పన్నెండు గడుల పుట దగ్గర చాలాసేపు ఆగాడు. రాత్రి భోజనాల దగ్గర, "మామా, ఆ ఫోను చేసేసరికి టైమ్ అయిపోయి ఉంటే?" అని అడిగాడు. ఫోను తెర మీది బొమ్మ మార్చాడో లేదో నేను అడగలేదు.

కోవూరు అక్క

మీరు పంపిన పుటలు రాత్రి తమ్ముడికి చూపించాను. ఇప్పటికి పద్నాలుగు నెలలు. చూపించాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించాను. నక్షత్రాల పుటను గబగబా తిప్పేశాడు. పన్నెండు గడుల దగ్గర ఫోనును కళ్లకు దగ్గరగా పెట్టుకుని ఒక్కొక్క గడీ వేలితో పెద్దది చేసి చూశాడు. తరువాత నా చేతికిచ్చి, "అక్కా, ఆ చీమలు అలాగే పోతాయి, మధ్యాహ్నమంతా వాటినే లెక్కపెట్టేవాణ్ణి" అన్నాడు. అమ్మ పక్క గదిలో ఉంది. బీరువా తెరిచే ఉంది.